కొత్త ఇంజిన్‌కు తొలి ప్రొపెల్లర్: చిన్నదా, పెద్దదా?

కొత్త మోడల్ విమానం ఇంజిన్‌ను పెట్టెలోంచి తీసి బెంచికి బిగించగానే తగువు ప్రొపెల్లర్ దగ్గర మొదలవుతుంది. ఎగరేసేటప్పుడు వాడేదానికన్నా ఒక అంగుళం చిన్నది పెట్టమంటారు ఒకరు, కొత్త ఇంజిన్ మీద బరువు పడకూడదని. పెద్దదే పెట్టమంటారు ఇంకొకరు, కొత్త ఇంజిన్ పరుగెత్తకూడదని. రేపు దేంతో ఎగరేస్తావో దాన్నే పెట్టి విమానంలోనే రన్నింగ్ (కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకునేదాకా నడపడం) చేసుకో, బెంచి ఎందుకని మూడో మాట. ఈ ముగ్గురూ ఏళ్లతరబడి ఇంజిన్లు తిప్పినవాళ్లే. ముగ్గురి మాటా ఏదో ఒక ఇంజిన్ విషయంలో నిజమే. ఒక ఇంజిన్‌తో నేర్చుకున్నదాన్ని అన్ని ఇంజిన్లకూ సూత్రంగా చెప్పడంతోనే చిక్కు వస్తోంది. నన్నడిగితే, తొలి ప్రొపెల్లర్ ఎంపికకు ఇంజిన్ సైజుకన్నా ముందు చూడవలసింది దాని పిస్టన్, సిలిండర్ ఏ లోహాలతో చేశారన్నది. అది తెలిస్తే పై మూడు సలహాల్లో మనకు పనికొచ్చేది ఏదో తేలిపోతుంది.

ముందుగా బెంచి మీద ప్రొపెల్లర్ చేసే పని చూద్దాం. అక్కడ అది లాగడానికి విమానం లేదు. ఇంజిన్ వేగానికి కళ్లెం వేస్తుంది, సిలిండర్ రెక్కల మీదికి గాలి తోలుతుంది, ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య ఫ్లైవీల్‌గా షాఫ్ట్‌ను తిప్పుతుంది. చిన్నదా పెద్దదా అని వాదించేవాళ్లు కళ్లెం సంగతే చూస్తారు. మిగతా రెండు పనులూ లెక్కలోకి రావు. మెథనాల్ ఇంధనంతో నడిచే గ్లో ఇంజిన్ చాలావరకు గాలితోనే చల్లబడాలి. దానికి వేరే ఫ్యాన్ లేదు, విడిగా ఫ్లైవీల్ లేదు.

ప్రొపెల్లర్ మీద రెండు అంకెలుంటాయి. 10×6 అంటే వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 6 అంగుళాలు. మెత్తటి చెక్కలో దిగే మర మేకులా జారకుండా పోతే ఒక చుట్టుకు 6 అంగుళాలు ముందుకు పోతుందని అర్థం. ఇంజిన్ మీద పడే బరువును, అంటే లోడును, ఉజ్జాయింపుగా చూడాలంటే వ్యాసాన్ని నాలుగుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదాన్ని పిచ్‌తో గుణించాలి. 10×6కు ఇది 60,000. 11×6కు దాదాపు 87,800. అంటే వ్యాసంలో ఒక్క అంగుళం పెరిగితే బరువు దాదాపు ఒకటిన్నర రెట్లు. 9×6కు 39,400 లోపే, మూడింట రెండు వంతులు. 10×5కు 50,000. బ్లేడు వెడల్పు, ఆకారం కంపెనీ కంపెనీకీ మారతాయి కాబట్టి ఇవి తూకపు లెక్కలు కావు, కానీ దారి చూపడానికి చాలు.

ఈ లెక్కలో నాకు ఎప్పుడూ ఆసక్తిగా కనిపించేది 11×4. దాని అంకె 58,600కు కాస్త తక్కువ, అంటే 10×6 వేసే బరువే. అయినా వ్యాసం ఎక్కువ కాబట్టి ఎక్కువ గాలిని కదిలిస్తుంది, ఫ్లైవీల్‌గానూ బాగా పనిచేస్తుంది, చేత్తో స్టార్ట్ చేయడమూ తేలిక. బెంచి మీద పిచ్ తక్కువగా ఉండడంలో మరో లాభం ఉంది. విమానం కదలనప్పుడు బ్లేడు తన పూర్తి కోణంలో గాలిని కొడుతుంది. బ్లేడు పొడవులో నాలుగింట మూడు వంతుల దగ్గర కొలిస్తే 10×6కు ఆ కోణం సుమారు 14 డిగ్రీలు, 10×8కు 19కి దగ్గర, 11×4కు 9 లోపు. కోణం మరీ ఎక్కువైతే బ్లేడు గాలిని వెనక్కి తోయడం మాని కలగాపులగంగా చిలుకుతుంది. ఇంజిన్ శక్తి ఖర్చవుతుంది గానీ సిలిండర్‌కు చల్లదనం అందదు. అందుకే ఎగిరేటప్పుడు వేగం కోసం పెద్ద పిచ్ వాడేవాళ్లు ఆ ప్రొపెల్లర్‌ను బెంచి మీదికి తేవద్దు. బరువు తగ్గించాలంటే ముందు పిచ్ తగ్గించాలి, వ్యాసం జోలికి ఆ తర్వాతే పోవాలి. ఈ రచనలో అందరికీ వర్తించే సలహా ఒక్కటి ఇవ్వాలంటే ఇదే ఇస్తాను.

ఇక ఇంజిన్ల రకాలు. 1947 ప్రాంతంలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ను అమెరికా మార్కెట్లోకి తెచ్చాక మోడల్ ఇంజిన్లు బ్యాటరీ, కాయిల్ బరువు లేకుండా ఎగరడం మొదలుపెట్టాయి. ఆ తరం ఇంజిన్లలో ఎక్కువ భాగం ఇనుప పిస్టన్, స్టీలు లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) జంటవే. రెండింటినీ ఒకదానితో ఒకటి నూరి సరిపెట్టేవారు. ఫాక్స్ 35 స్టంట్ ఇంజిన్ ఆ కోవలోదే. ఈ జంటలో రెండు లోహాలూ వేడికి దాదాపు ఒకే తీరుగా వ్యాకోచిస్తాయి. అయితే సిలిండర్‌కు గాలి తగులుతుంది, పిస్టన్‌కు తగలదు. కాబట్టి వేడెక్కితే పిస్టన్ ముందు ఉబ్బి, లైనర్‌లో బిగుసుకుంటుంది. వేగం తగ్గుతూ, ఒక మూలుగు లాంటి శబ్దంతో ఇంజిన్ ఆగిపోతుంది. ఆ బిగుసుకున్న చోట లోహం లోహాన్ని గీరేస్తుంది.

ఇలాంటి ఇంజిన్‌కు వేడే శత్రువు. నీడిల్ వాల్వ్ బాగా తెరిచి, ఇంధనం ఎక్కువగా పోయేలా రిచ్‌గా నడపాలి. అప్పుడు రెండు స్ట్రోకుల ఇంజిన్ ఒక చుట్టు విడిచి ఒక చుట్టుకు మండుతూ బొంగురుగా, తడిగా మోగుతుంది. దీన్నే ఫోర్ సైకిల్ చప్పుడంటాం. మండని మెథనాల్ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. దీనికి తగిన ప్రొపెల్లర్ తేలికైన బరువుది, వ్యాసం తగ్గనిది: 10×6తో ఎగిరే ఇంజిన్‌కు 10×5 గానీ 10×4 గానీ. పెద్ద ప్రొపెల్లర్‌తో మెల్లగా నడపాలన్న పాత సలహా ఈ ఇంజిన్ల కాలం నాటిదే. అది మిక్స్చర్ రిచ్‌గా ఉన్నంతవరకూ కొంత పనిచేస్తుంది. కానీ ఆ పెద్ద ప్రొపెల్లర్‌తోనే నీడిల్ కాస్త మూసి లీన్ చేశారా, ఇంజిన్ లోడు మీద రొప్పుతుంది. వేగం తక్కువ, సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ, గాలి చాలదు. ఆ పేలుడు బరువంతా కనెక్టింగ్ రాడ్ కింది బుష్ మీద పడుతుంది. ఎక్కే మిట్ట మీద టాప్ గేరులో లారీ నడిపినట్టే అది.

ఆ కాలంలో ఇంధనంలో నాలుగో వంతు దాకా ఆముదం పోసేవారు. వేడెక్కిన కొద్దీ మిగతా నూనెలు పలచబడి కాలిపోతుంటే, ఆముదం చిక్కటి పొరలా లోహానికి అంటుకునే ఉంటుంది. కాకపోతే పిస్టన్ మీద గోధుమరంగు వార్నిష్ మిగులుస్తుంది. ఇవాళ సింథటిక్ నూనెలు వచ్చినా తొలి ఇంధనంలో ఆముదం పాలు ఉండాలనేవాళ్ల పక్షమే నాది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల చల్కల్లో పండే ఆముదానికి ఈ ఖ్యాతి కూడా ఉందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. అయితే పరిమళం కలిపి తలకు రాసుకునే నూనె ఇంజిన్‌లో పోయడానికి పనికిరాదు. శుద్ధి చేసి, జిగురు తీసిన నూనె కావాలి.

అసలు గందరగోళం ఏబీసీ ఇంజిన్లు వచ్చాక మొదలైంది. అల్యూమినియం పిస్టన్, ఇత్తడి లైనర్, లోపల క్రోమ్ పూత: ఈ మూడింటి పొడి అక్షరాలే ఏబీసీ. 1960లలో కంట్రోల్ లైన్ (తీగలతో పట్టి ఎగరేసే) స్పీడ్ పోటీల్లోంచి ఇది బయటికి వచ్చింది. అమెరికన్ పోటీదారు బిల్ విస్నీవ్‌స్కీ పేరు దీనితో ముడిపడి ఉంది. తర్వాత క్రోమ్‌కు బదులు నికెల్, ఇత్తడికి బదులు అల్యూమినియం వాడిన తమ్ముళ్లు వచ్చారు. ఇవాళ చేతికందే 40, 46 సైజు స్పోర్ట్ ఇంజిన్లలో చాలావరకు ఈ కుటుంబానివే. 40 అంటే ఘనపు అంగుళంలో నూటికి నలభై వంతులు, మన లెక్కలో 6.5 సీసీ.

ఈ ఇంజిన్ లైనర్ నిట్టనిలువు గొట్టం కాదు, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్‌ను వేలితో తిప్పితే పిస్టన్ పైకొచ్చినచోట పట్టేస్తుంది. కొన్ని కిర్రుమంటాయి కూడా. కొత్తవాళ్లు అది తయారీ లోపమనుకుని కంగారుపడతారు. నిజానికి అదే దాని గొప్ప. మంట పైభాగంలో కాబట్టి లైనర్ పైన ఎక్కువ వేడెక్కి విప్పారుతుంది. ఇత్తడి బాగా వ్యాకోచిస్తుంది, పిస్టన్ అల్యూమినియంలో సిలికాన్ బాగా కలిపి దాని వ్యాకోచాన్ని అదుపులో పెడతారు. సరైన వేడికి వచ్చేసరికి ఆ సన్నటి గొట్టం నిటారుగా మారి, పిస్టన్ నూనెపొర మీద హాయిగా జారుతుంది.

దీన్ని పాత ఇనుప ఇంజిన్‌లా పెద్ద ప్రొపెల్లర్‌తో, తడితడిగా, చల్లగా గంటసేపు నడిపితే ఏమవుతుంది? లైనర్ విప్పారదు. నిమిషానికి కొన్ని వేలసార్లు పిస్టన్ అంచు ఆ ఇరుకు మెడలోకి బలవంతంగా దూరుతుంది. ఇంజిన్‌కు ప్రాణమైన ఆ పట్టే అరిగిపోతుంది. జాగ్రత్త పేరుతోనే ఇంజిన్ ఆయువు తీసినట్టవుతుంది. అందుకే ఏబీసీ విషయంలో చిన్న ప్రొపెల్లర్ చెప్పినవాళ్ల మాట నెగ్గుతుంది. 10×6తో ఎగిరే 40 సైజుకు 9×6 పెట్టవచ్చు. నేనైతే గాలి కోసం 10×5 వైపే మొగ్గుతాను, లేదా 10×4. 10×6ను 12,000 ఆర్పీఎంతో (నిమిషానికి చుట్లు) తిప్పే శక్తే ఉంటే 9×6తో 13,800 దగ్గరికి చేరుతుంది. 11×6తో 10,600 దాటదు. తేలిక ప్రొపెల్లర్ ఇచ్చే ఆ పై వేగంలో, కొంచెం రిచ్‌గా, ఫోర్ సైకిల్ బొంగురుకూ టూ సైకిల్ (ప్రతి చుట్టుకూ మండే) కీచుకూ మధ్య ఊగేలా నీడిల్ పెడితే లోపల వేడి ఉంటుంది, బరువు ఉండదు, నూనె బాగా అందుతుంది. స్టార్ట్ చేసేముందు హెయిర్ డ్రయ్యర్‌తో సిలిండర్‌ను వెచ్చబరిస్తే తొలి చుట్లు కూడా నలిగిపోకుండా గడుస్తాయి.

దగ్గరగా చూస్తే ఒక విడత ఇలా నడుస్తుంది. ఇంజిన్ రిచ్‌గా బొంగురుపోతుంటే, ఇంధనం పైపును రెండు వేళ్ల మధ్య ఒక్క క్షణం నొక్కాలి. ఇంధనం తగ్గి, చప్పుడు ఒక్కసారిగా పైశ్రుతికి ఎగసి సన్నగా, గట్టిగా మోగుతుంది. కొన్ని సెకన్లు పోనిచ్చి వదిలేస్తే మళ్లీ కిందికి దిగుతుంది. వేడి ఎక్కడం, దిగడం, ఎక్కడం. రెండు మూడు నిమిషాలయ్యాక ఆపి, చేయి పెట్టగలిగేంత పూర్తిగా చల్లారనివ్వాలి. లోహం సర్దుకునేది ఈ వేడి, చల్లార్పుల మధ్యే. ఎగ్జాస్ట్ వెనుక ఒక తెల్ల కాగితం పట్టుకుంటే మొదటి విడతల్లో పడే నూనె బూడిదరంగులో, నలకలతో ఉంటుంది. అది అరిగిన లోహమే. విడతలు గడిచేకొద్దీ నూనె తేరుకుని తేనెరంగుకు వస్తుంది. గడియారంకన్నా ఈ కాగితాన్నే నేను నమ్ముతాను.

చిన్న ప్రొపెల్లర్ సలహాకు ఒక హద్దు ఉంది. మరీ చిన్నది పెట్టి నీడిల్ పూర్తిగా లీన్ చేస్తే ఇంజిన్ 16,000 దాటి పోతుంది. పిస్టన్‌ను పైన ఆపి కిందికి లాగే శ్రమ వేగం వర్గంతో పెరుగుతుంది. 12,000 నుంచి 16,000కు పోతే రాడ్ మీద ఆ లాగుడు దాదాపు 1.8 రెట్లు. బాల్ బేరింగులు లేని బుష్ ఇంజిన్లకు ఇది మరీ ప్రమాదం. చిన్న ప్రొపెల్లర్ పెట్టమనేది ఇంజిన్‌ను ఉరికించడానికి కాదు, బరువు లేకుండా వెచ్చబడనివ్వడానికి.

రింగు ఉన్న ఇంజిన్లు ఈ రెండింటికీ మధ్య. అక్కడ పిస్టన్ లైనర్‌ను తాకదు, ఇనుప రింగు తాకుతుంది. రింగు తన గోడకు సరిగ్గా కూర్చోవాలంటే దాని వెనక వాయువు ఒత్తిడి ఉండాలి, అంటే ఓ మోస్తరు లోడు ఉండాలి. మరీ తేలిక ప్రొపెల్లర్‌తో ఎంతసేపు తిప్పినా రింగు పని పూర్తికాదు. ఎగిరే ప్రొపెల్లరే పెట్టి, లేదా పిచ్ ఒక అంగుళం తగ్గించి, రిచ్‌గా నడపడం ఇక్కడ సరైన దారి. ఇది ఒక్క పూటలో తెమిలేది కాదు, ఎగిరే రోజుల్లోకీ సాగుతుంది.

ఫోర్ స్ట్రోక్ గ్లో ఇంజిన్లూ రింగువే. వాటికి సహజంగానే పెద్ద ప్రొపెల్లర్ కావాలి. తొలి నిమిషాల్లో తక్కువ వేగంలో, బాగా రిచ్‌గా నడపాలి. తేలిక చెక్క ప్రొపెల్లర్‌తో ఇవి ఎదురు తన్నుతాయి. డిటోనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) వస్తే నట్టు ఊడి ప్రొపెల్లరే ఎగిరిపోవచ్చు. అందుకే వీటికి రెండో లాక్ నట్టు తప్పనిసరి. పెట్రోలు ఇంజిన్లకు కంపెనీ ఇచ్చిన సైజుల జాబితాలో అన్నిటికన్నా తేలికది ఎంచుకుంటే చాలు. చేత్తో తిప్పి స్టార్ట్ చేసే చిన్న డీజిల్ ఇంజిన్ల సంగతి వేరు. ఈథర్, కిరోసిన్, ఆముదంతో నడిచే వీటికి బ్యాటరీ అక్కర్లేదు. ఇక్కడ చిన్న ప్రొపెల్లర్ పెడితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే కంప్రెషన్ ఇంకా బిగించవలసి వస్తుంది, స్టార్టింగ్‌లో వేళ్ల మీద దెబ్బా పడుతుంది. 2.5 సీసీ డీజిల్‌కు 10×4 లాంటి పెద్ద వ్యాసం, చిన్న పిచ్ పెట్టి తక్కువ కంప్రెషన్‌తో నడపడం మేలు. పెద్దది పెట్టమన్న సలహా పూర్తిగా చెల్లే చోటు ఇదే.

విమానంలోనే, ఎగిరే ప్రొపెల్లర్‌తోనే రన్నింగ్ చేసుకోమన్న మూడో వాదం కొట్టేయదగ్గది కాదు. ఇటీవలి కొన్ని ఇంజిన్ల పుస్తకాల్లోనూ అలాగే రాసి ఉంటుంది. యంత్రాలు అంత ఖచ్చితంగా కోస్తున్నప్పుడు బెంచి మీద గంటలు గడపనక్కర్లేదన్నది వారి వాదన. దానికి ఒక బలమైన కారణమూ ఉంది. గాలిలోకి లేచాక ప్రొపెల్లర్ మీద లోడు తగ్గి ఆర్పీఎం పెరుగుతుంది, చల్లగాలి ధారాళంగా తగులుతుంది. బెంచి మీద ఎప్పుడూ రాని పరిస్థితి అది. పిచ్ ఒక అంగుళం తగ్గించిన ప్రొపెల్లర్ బెంచి మీదే ఆ గాలిలోని వేగానికి దగ్గరగా తీసుకుపోతుంది. నాకు నచ్చింది కూడా అందుకే. మరో సంగతి, ఇంజిన్ నడిగాలిలో ఆగితే విమానాన్ని దింపగల చేయి ఉన్నవారికే ఈ మూడో దారి. నేర్చుకుంటున్నవారు బెంచినే నమ్ముకోవాలి.

మన ఎండల గురించి ఏ కంపెనీ పుస్తకమూ చెప్పదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో అక్కడి గాలి, తీరంలో 15 డిగ్రీల గాలికన్నా దాదాపు 13, 14 శాతం పలచన. ప్రొపెల్లర్ మీద బరువు ఆ మేరకు తగ్గుతుంది, ఇంజిన్ శక్తీ తగ్గుతుంది, అందువల్ల టాకోమీటర్‌లో పెద్ద తేడా కనిపించదు. కనిపించని నష్టం చల్లదనంలో. ఇనుప పిస్టన్ ఇంజిన్‌ను ఆ ఎండలో రన్నింగ్‌కు పెట్టకండి. తెల్లవారుజామున పెట్టండి.

సైజు తేలాక వస్తువు. గాజు పీచు కలిపిన నైలాన్ ప్రొపెల్లర్ బరువుగా ఉంటుంది, ఫ్లైవీల్‌గా మంచిది, బెంచి మీది పనికి నా ఓటు దానికే. చెక్కదానికి వణుకు తక్కువ, కానీ నట్టు కింద చెక్క నలిగి వదులవుతుంది. ప్రతి విడతకూ బిగింపు చూసుకోవాలి. ఏదైనా సరే బ్యాలెన్స్ చేయకుండా పెట్టవద్దు. ఒక బ్లేడు బరువైతే బెంచి అదురుతుంది, అదురుకు ట్యాంకులో ఇంధనం నురగ కడుతుంది, నురగ పోతే ఇంజిన్ చెప్పాపెట్టకుండా లీన్ అవుతుంది. నీడిల్‌ను ఎంత సవరించినా సరికాని ఇంజిన్‌లో తప్పు ఒక్కోసారి ప్రొపెల్లర్‌దే. షాఫ్ట్ రంధ్రం పెంచడానికి మెట్ల రీమరే వాడాలి. డ్రిల్లు పక్కకు లాగి మధ్య తప్పిస్తుంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ మోటార్ల కాలం. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల చేతుల్లో బ్రష్‌లెస్ మోటార్ల ప్రొపెల్లర్లే ఎక్కువ. వాటిని గ్లో ఇంజిన్‌కు తగిలించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ప్రొపెల్లర్లు తయారుచేసే ఏపీసీ సంస్థ గ్లో ఇంజిన్ల ప్రొపెల్లర్లకు ఇచ్చే హద్దు లెక్క 1,90,000. దాన్ని వ్యాసం అంగుళాలతో భాగిస్తే గరిష్ఠ ఆర్పీఎం వస్తుంది, 10 అంగుళాలదానికి 19,000. అదే సంస్థ ఎలక్ట్రిక్ మోటార్ల స్లో ఫ్లయర్ రకానికి ఇచ్చేది 65,000, అంటే 10 అంగుళాలదానికి 6,500. రెండూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. 12,000 ఆర్పీఎం దగ్గర 10 అంగుళాల బ్లేడు కొన సెకనుకు 160 మీటర్లు, గంటకు 575 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అందుకే ప్రొపెల్లర్ తిరిగే తలంలో, అంటే పక్కన సూటిగా, ఎవరినీ నిలబడనివ్వకూడదు. నీడిల్ తిప్పేది వెనక నుంచే. మెడలో ఐడీ కార్డు తాడు, కండువా, చున్నీ తీసి పక్కన పెట్టాలి. అంచు చిట్లిన బ్లేడును అతికించడం కాదు, విరిచి పారేయాలి, మరొకరు ఏరుకుని వాడకుండా.

బెంచి ఎప్పుడు వదలాలి? థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నీడిల్‌ను లీన్‌కు దగ్గరగా తెచ్చి టాకోమీటర్ పెట్టండి. మొదటి పది సెకన్లలో చూపిన ఆర్పీఎం ఒక నిమిషం తర్వాత కూడా నిలబడితే ఇంజిన్ సిద్ధమైనట్టు. జారిపోతుంటే లోపల ఇంకా రాపిడి ఉంది, నీడిల్ తెరిచి మరో రెండు విడతలు నడపాలి. సిద్ధమయ్యాక తేలిక ప్రొపెల్లర్ తీసి ఎగిరేది పెట్టండి. గరిష్ఠ ఆర్పీఎంకు మూడు నాలుగు వందలు తగ్గేంత రిచ్‌గా నీడిల్ ఉంచి, విమానం ముక్కు ఆకాశానికి ఎత్తి పట్టుకుని వినండి. అప్పుడు చప్పుడు తగ్గకుండా కాస్త పెరిగితే గాల్లోకి వదలవచ్చు. మొదటి కొన్ని ఎగురుళ్లలో అదేపనిగా ఫుల్ థ్రాటిల్ వద్దు, పైకి లేచాక తగ్గించి నడపండి. ప్రతిసారి దింపాక నట్టు బిగింపు చూడండి.